చిత్తడినేల బాటను చెరిగిపోనివ్వని బాటమ్మగారు

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం జూన్ ఆరవ తేదీన మన పురపాలక కార్యాలయపు ఉద్యానవన విభాగంలో కాలిబాటల పర్యవేక్షకురాలిగా చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన సహోద్యోగిని అసలు పేరు హాజరుపట్టీకి మాత్రమే తెలుసు. ఊరందరికీ వారు బాటమ్మగారు. వారి గురించి నాలుగు మంచిమాటలు రాయవలసిందిగా ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం సర్వే గుమాస్తాను, అనగా ఈ వ్యాసకర్తను ఆదేశించింది. మంచిమాటలతోపాటు నాలుగు నిజాలు కూడా దొర్లితే ఎవరూ నొచ్చుకోరని ఆశ. నొచ్చుకున్నా చేయగలిగింది లేదు.

వారు ఉద్యోగంలో చేరిన నాటికి ఊరిచుట్టూ ఉన్న గుట్టబాట, వాగుబాట, చిత్తడినేల బాట పటంలో ఉన్నాయి గాని నేలమీద లేవు. ముళ్లకంపలు కొట్టించి, బురద పట్టున చెక్కలు పరిపించి, మలుపు మలుపునా బాణం గుర్తుల బోర్డులు నాటించి, పటానికీ నేలకూ పొత్తు కుదిర్చిన ఘనత బాటమ్మగారిది. ఆనాటినుంచి ఆ బాటల మీద పొద్దున మధుమేహమూ సాయంత్రం ప్రేమా నడవడం మొదలుపెట్టాయని, వృత్తిరీత్యా దర్జీ అయిన వారి భర్తగారు చమత్కరిస్తుంటారు.

చిత్తడినేలలో తీతువు పిట్టలు నేలమీదే గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో అటు జనం వెళ్లకుండా బాణం బోర్డును పక్కదారికి తిప్పి, పిల్లలు లేచాక మళ్లీ యథాస్థానానికి తిప్పడం బాటమ్మగారి అలవాటు. ఒక ఏడాది ఆ పని సాయంత్రం వారు చేశారు. ఆ సంగతి తెలియని తోటమాలి, ఎక్కడ మరచిపోయారో పాపమని, తెల్లవారుజామున అదే బోర్డును తానూ ఇంకొంచెం తిప్పాడు. సరిగ్గా ఆనాడే కొత్తగా వచ్చిన పైఅధికారి తనిఖీకి బయలుదేరారు. పొగమంచు. బాటమ్మగారు తమ బోర్డును తామే నమ్ముకుని వారిని తిన్నగా మోకాటి లోతు బురదలోకి తీసుకువెళ్లారు. తాను తీసిన గోతిలో తానే పడటమంటే అంతకన్న ఏముంటుంది?

"ఇదా మీ దారి?" అని గర్జించారు అధికారి.

"దారి ఇది కాదండీ. బోర్డు మాత్రం మాదే. అటు తీతువులు గుడ్లు పెట్టాయని తిప్పాం."

"పిట్టల కోసం మనుషుల్ని బురదలోకి తోస్తారా?"

"అవి గుడ్లు ఎత్తుకుని పక్కకి పోలేవు కదండీ. మనకి కాళ్లున్నాయి, కాస్త చుట్టూ తిరిగితే ఏం పోయింది?"

ఏం పోయిందంటే అధికారిగారి ఎడమ బూటు పోయింది. అది నేటికీ అక్కడే ఉంది. అయినా ఆయన బదిలీ అయ్యేదాకా ఏటా ఒకసారి బాటమ్మగారిని పిలిపించుకుని, "పిల్లలు లేచాయా?" అని అడిగేవారు. పెద్దమనసు గల మనిషి.

తరువాత వచ్చినవారికి ఆ మనసు లేకపోయింది. చిత్తడినేలను మట్టితో కప్పి వాహనాలు నిలిపే స్థలంగా మార్చాలన్న ఆలోచన పుట్టింది. దానికి అడ్డు ఆ బాటే. ఒక ఏడాదిపాటు ఎవరూ నడవని బాటను పటంనుంచి తొలగించవచ్చునని మన నిబంధన. నడిచినట్టు లెక్క కావాలంటే పనిరోజున, పనివేళలో, సర్వే గుమాస్తా కళ్లెదుట నడవాలి. అందుకని గేటుకు తాళం వేసి, ప్రవేశం నిషిద్ధమని, దాటితే జరిమానా అని బోర్డు పెట్టారు. జరిమానా భయానికి ఊరివాళ్లు అటు పోవడం మానేశారు. ఆ నిషేధానికి ఆధారమేమిటని బాటమ్మగారు అడిగితే ఒక్కరూ ఉత్తర్వు కాగితం చూపలేదు. అడిగినందుకు బహుమానంగా ఆమెను కింది అంతస్తులోని పాత దస్త్రాల గదికి బదిలీ చేశారు.

"డ్యూటీలో ఉండగా అటు వెళ్తే చర్య తప్పదు" అని హెచ్చరిస్తే ఆమె తడుముకోలేదు. "డ్యూటీలో వద్దన్నారు, సరే. సెలవు పెట్టి నడుస్తా. నా కాళ్లు ఆఫీసువి కావు కదండీ!"

ఏటా ఒక పూట సెలవు పెట్టి ఆమె నడిచారు. గేటుకు తాళముంది గాని పక్కన కంచె లేదు. భర్తగారు గొడుగు పట్టుకుని వెంట వచ్చేవారు. "నడవడం మా ఆవిడ పని, ఆయాసపడటం నా పని" అనేవారు. గట్టుమీద నిలబడి చూసి, చూసినట్టు సంతకం చేయడం ఈ వ్యాసకర్త పని. జరిమానా జరిమానా అన్నవారు ఒక్కనాడూ రసీదు పుస్తకం తెరవలేదు. తెరిస్తే ఆధారం చూపాలి మరి.

ఈ ఏడాది మాత్రం ఆమె సెలవు అడిగిన ప్రతిసారీ పని ఒత్తిడి అంటూ తిరస్కరించారు. పాత దస్త్రాల గదిలో పని ఒత్తిడి ఏమిటో ఆ దస్త్రాలనే అడగాలి. వచ్చే నెల పదో తేదీ దాటితే ఏడాది గడువు ముగుస్తుంది, బాట చెరిగిపోతుంది, తీతువుల మీద లారీలతో మట్టి పడుతుంది. ఈలోగా ఈవిడ ఎలాగూ దిగిపోతుంది, పీడ విరగడవుతుందని కొందరు లోలోపల పండగ చేసుకున్నారు. మొన్న ఒక అధికారి ఎదురుపడి చాలా ప్రేమగా పలకరించారు కూడా.

"ఇంక హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకోండమ్మా."

"విశ్రాంతా? ఇన్నేళ్లూ ఆ దారిన నడవాలంటే మిమ్మల్ని సెలవు అడగాల్సొచ్చింది. ఒకటో తారీఖు నుంచి ఎవర్నీ అడగక్కర్లేదు!"

ఆ అధికారి చేతిలోని టీ చల్లారిపోయింది. పదవీ విరమణ పత్రం మీద ఉత్సాహంగా సంతకం చేసినది తామేనన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది.

కనుక వచ్చే నెల ఒకటో తేదీ ఉదయం పది గంటలకు బాటమ్మగారు చిత్తడినేల బాటన నడుస్తారు. చూడటం ఈ వ్యాసకర్త ఉద్యోగధర్మం, చూస్తాడు, సంతకం చేస్తాడు. ఉద్యానవన విభాగం మొత్తం ఆ పూటకు సెలవు కోరింది. ఈ సంచిక అచ్చయ్యేసరికి ఆ దరఖాస్తులన్నీ పైఅధికారిగారి బల్లమీద ఉంటాయి. ఇవ్వకపోతే జీతం కోయించుకుని వస్తామని తోటమాళ్లు ముందే చెప్పేశారు.

బాటమ్మగారికి నిండు నూరేళ్ల ఆయుష్షు, అరగని మోకాళ్లు, తరగని మొండితనం కలగాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు. ఏటా ఒకరు నడవాలి, ఆమె నడిచినంతకాలం ఆ బాటను చెరిపే మొనగాడు లేడు. ఆమె ఆగిన నాడు మేమున్నాం. రాదలచినవారు గేటు దగ్గరికి రండి. బురద బాగా ఉంటుంది, పాత చెప్పులు వేసుకోండి.