ఖాళీలు మాత్రమే నావి

ఏమీ రాయని చోటు కోసం మనుషులు కొట్టుకుంటారంటే నమ్ముతావా దెబోరా? మా ఆఫీసులో అదే గొడవ. నవ్వకు, ముందు రోడ్డు చూసుకో. నన్ను కార్‌లో ఎక్కించుకున్నందుకు ఈ సొద వినక తప్పదు నీకు.

పళ్ళ డాక్టర్ దగ్గర పనిచేసేదానివి, నీకు అర్థమయ్యేలా చెప్తాను. మేం రాసే కోడ్‌లో చాలా లైన్లు కాస్త లోపలికి జరిపి మొదలుపెడతాం. కొందరు ట్యాబ్ అనే మీట ఒక్కసారి నొక్కుతారు, కొందరు నాలుగు స్పేసులు పెడతారు. చూడ్డానికి రెండూ ఒకటే. నాది ట్యాబ్. మా టీమ్‌లో పెద్దాయన భీమశంకరం గారిది స్పేస్. మంచాయనే, అందరికీ పులిహోర తెస్తారు. కానీ నా ట్యాబ్ కనపడిందా, అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెడతారు.

జులై ఫోర్త్ సెలవులకి మేమందరం ఊళ్ళు తిరగడానికి పోయామా, ఈయన ఒక్కరే కూర్చుని మొత్తం కోడ్‌ని స్పేసుల్లోకి మార్చేశారు. ఒక్క అక్షరం ముట్టుకోలేదు, ఖాళీలే. అయితే ఏం, ఏ లైన్‌ని ఆఖరున ఎవరు కదిపితే కంప్యూటర్ వాళ్ళ పేరే పక్కన చూపిస్తుంది. తిరిగొచ్చి చూస్తే ఏముంది, నేను రాసినదాని పక్కనంతా భీమశంకరం, భీమశంకరం. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదూ?

పోనీలే అనుకునేదాన్నే. ఇంతలో కొత్త డైరెక్టర్ వచ్చింది. టీమ్‌లో ఒకరిని తీసేయాలట. ఎవరి పేరు మీద ఎంత కోడ్ ఉందో చూస్తోందని తెలిసింది. పాతది తవ్వితే నా పేరు దొరుకుతుంది గానీ ఆవిడకంత ఓపికేదీ? ఆయనకి గ్రీన్ కార్డ్ ఉంది. నాది హెచ్ వన్ వీసా. జాబ్ పోతే రెండు నెలల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి.

ఆయన దగ్గరికే వెళ్ళి బతిమాలాను. అది రాగిణి రాసిందని డైరెక్టర్‌తో ఒక్క మాట చెప్పండి అన్నాను. ఆయన కాఫీ కలుపుకుంటూ, "క్లీన్ చేసింది నేనే కదమ్మా, ఉండనీ" అన్నారు.

సరే, ఉండనిచ్చాను. వెనకవాడు హారన్ కొడుతున్నాడు, పోనీ.

మాది కిరాణా సరుకులు ఇళ్ళకి పంపే కంపెనీ కదా. థాంక్స్‌గివింగ్ పండగ వచ్చింది. ముందే ఆర్డర్ పెట్టి తర్వాత ఇల్లు మారినవాళ్ళ సరుకులన్నీ పాత ఇళ్ళకే పోయాయి. ఒకావిడ టర్కీ కోడి విడాకులిచ్చిన మొగుడింటికి చేరింది. ఆయన శుభ్రంగా వండుకు తిన్నాడట కూడా.

డైరెక్టర్ అందరినీ మీటింగ్‌కి పిలిచి, తప్పున్న లైన్ తెర మీద పెట్టింది. పక్కన పేరు భీమశంకరం. ఇలా ఎందుకు రాశావని నిలదీసింది. పాపం, ఆయనే అన్నారు, "ఇది నేను రాయలేదు, రాగిణి రాసింది. ఖాళీలు మాత్రమే నావి."

మరి మిగతాదంతా ఎవరిదని అడిగిందావిడ. అదీ రాగిణిదే అని ఒప్పుకోక తప్పలేదు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. దిద్దమంటే తిన్నగా ఆ చోటికే వెళ్ళి, కాఫీ చల్లారేలోపు దిద్దేశాను. ఆవిడ నోరెళ్ళబెట్టింది. నా ఉద్యోగం నిలిచింది. ఆయన్ని ఇంకో టీమ్‌కి పంపారు. అక్కడ అందరూ స్పేసులేనట, సుఖంగా ఉన్నారు.

అంత తొందరగా ఎలా పట్టుకున్నావంటావా? చర్చికెళ్ళేదానివి, నీ దగ్గర దాచలేను. తప్పు నాదే. ఆయన ఉండనీ అన్నాక, దసరా అప్పుడే ఆ తప్పు నా కంటపడింది. దిద్దుదామని చెయ్యి పెట్టబోతే పక్కన ఆయన పేరు కనిపించింది.

పెద్దవాళ్ళు రాసింది మనం దిద్దితే మర్యాదగా ఉంటుందా, నువ్వే చెప్పు?