గాలి తీయడానికి ఇద్దరు

కారు ఇంటి ముందు జాకీ మీద ఉంది. అత్తగారు డ్రైవరు సీట్లో కూర్చున్నారు. అల్లుడు చక్రం ఊడదీసిన చోట చతికిలబడి, బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీస్తున్నాడు.

"నొక్కండి అత్తయ్యా."

"నొక్కాను."

"అలాగే తొక్కి ఉంచండి... ఇక వదలండి."

"ఈ పనికి మా అమ్మాయి పనికిరాదా?"

"నెలలు నిండాయి కదండీ. పొట్టకి స్టీరింగు అడ్డమొస్తోంది."

"ఉన్న బ్రేకులు బాగానే ఉన్నాయిగా, ఎందుకు మార్చినట్టు?"

"పెళ్ళయిన కొత్తలో మీరొకసారి ఈ కారెక్కారు. దిగుతూనే, 'ఎక్కడ ఆగాలో తెలియదు' అన్నారు. అప్పట్నుంచి మా ఇంటికి బస్సులోనే వస్తున్నారు."

"నేనన్నది కారుని కాదు."

"తెలుసండీ. నన్ను మార్చడం కష్టమని, పెద్ద డిస్కులూ కొత్త ప్యాడ్లూ వేశాను. పురిటికి వెళ్ళేటప్పుడు మీరూ ఇందులోనే రావాలి కదా. మళ్ళీ నొక్కండి."

"నొక్కాను. ఈసారి పెడల్ గట్టిగా తగులుతోంది."

"అయితే గాలంతా పోయినట్టే."

అతను చక్రం బిగించి, జాకీ దింపి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇక దిగండి. వీధి చివరిదాకా నేనొక్కణ్ణే నడిపి చూసొస్తాను."

"ఆగకపోతే?"

"చివర్లో గోడ ఉందండీ. అది ఆపుతుంది."

అత్తగారు దిగారు. కారు చుట్టూ తిరిగొచ్చి, పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.

"నువ్వొక్కడివే పోయి గోడకి గుద్దుకుంటే, నా కూతురు నన్ను బతకనివ్వదు. ఎక్కు నాయనా."