రాళ్ళ పాటకు చివరి చరణం

నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను. ఆ సంగతి ముందు రాసుకోమ్మా జోవిటా. ఆ తడి గొడుగు అవతల పెట్టు, అరుగు మీద నీళ్ళు కారితే మా ఆవిడ సెవ్రిన్ నన్నంటుంది. ఇదిగో, ఈ రొట్టెల సైకిలు వాడు రుమాల్దు. మధ్యమధ్యలో కూస్తుంటాడు, వాడి మాటలు రాయనక్కర్లేదు. ఆ మూల గోడకు జారబడ్డవాడు ఇనాస్, మా నాటకాల బాండులో బాకా ఊదేవాడు. ఇప్పుడు ఊదడు, మాట్లాడడు కూడా. రోజూ వస్తాడు, ఒక గుక్క ఫెని సారా తాగుతాడు, వానని చూస్తాడు, పోతాడు.

ఆదివారం చర్చి పండగలో శాలువా ఎవరికి కప్పాలనే కదా నువ్వడిగింది? రాళ్ళ పాట చివరి చరణం ఆవేళ మడ్‌గాంవ్ హాల్లో, మంత్రి ముఖం మీద, ఎవరు పాడారో వాళ్ళకని మీ కమిటీ తీర్మానించింది. మంచి తీర్మానం. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా చేసినా మంచిదే. అయితే అడగడానికి ఏముందమ్మా? గోవాలో హాస్యప్పాట అంటే బొనిఫాస్, బొనిఫాస్ అంటే హాస్యప్పాట. రాయి.

అసలు ఆ ఏడాదే వేరు. నావి ఆ ఒక్క ఏడాదిలో పన్నెండు క్యాసెట్లు వచ్చాయి. నెలకొకటి.

“తాతా, పోయినవారం ఎనిమిదన్నావు” అన్నాడు రుమాల్దు.

పోయినవారం సగం చెప్పి ఆపాను, నువ్వు రొట్టెలు అమ్ముకోవాలని లేచిపోయావు. పన్నెండు. క్రిస్మస్‌దీ కార్నివాల్‌దీ విడిగా లెక్కేస్తే పద్నాలుగు. బొంబాయిలో క్యాసెట్లు చేసే యంత్రం వేడెక్కి పొగ వస్తే దానిమీద తడి గోనెపట్టా కప్పి మరీ తీశారు. ఓడల మీద వంటవాళ్ళు నా క్యాసెట్టు లేకుండా ఓడెక్కేది లేదన్నారు. ఒక కెప్టెను, వాడు గ్రీకువాడో ఎవడో, మన భాష ఒక్క ముక్క రాదు, నా పాట విని నవ్వుతూ నవ్వుతూ ఓడని ఎటు తిప్పాలో మర్చిపోయి ఆఫ్రికాలో తేలాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడి వాళ్ళకి కూడా నా పాట నోటికొచ్చేసింది.

“గ్రీకువాడు నీకు ఉత్తరం రాశాడా?”

రాసినా నేను చదవలేనని కదూ నీ ఎకసెక్కెం? నాకు అక్షరం సరిగ్గా పట్టదు, ఒప్పుకుంటాను. నా సంతకం నేను చేయగలను, అది చాలు. పాట చెవిలో పడితే మాత్రం చచ్చేదాకా పోదు.

సరే, రాళ్ళ మంత్రి సంగతి. జెరొనిమ్ మంత్రి ఎక్కడికెళ్ళినా శంకుస్థాపన రాయి పాతేవాడు. మా నది మీద వంతెనకి మూడుసార్లు పాతాడు. మూడు రాళ్ళున్నాయి, వంతెన లేదు, మేం పంటు ఎక్కే దాటేవాళ్ళం. దానిమీద కట్టాం పాట. ఎలా ఉండేదంటే:

వంతెనకొక రాయి, వైద్యశాలకొక రాయి,
బడికొక రాయి, బావికొక రాయి,
రాయేసి పోయినోడు మళ్ళీ రాడోయి,
మా కడుపున పడ్డదోయి అసలు రాయి!

“కట్టాం అంటే ఎవరెవరు?” అని అడిగింది జోవిటా.

నేనూ, ఇంకొకడూ. జంటపాట కదా. కాస్పర్ అని, పంటు నడిపేవాడు. వాడి పేరు రాయక్కర్లేదు. వాడు మాటలు కూర్చి నా చెవిలో చెప్పేవాడు, నేను నోట పట్టేవాణ్ణి. అంతే వాడి పని. కూర్చడం ఎవడైనా కూరుస్తాడు, నవ్వించడం అందరికీ రాదు.

ఇప్పుడు పద్ధతి సరిగ్గా రాసుకో, మీ కాలం వాళ్ళకి పద్ధతులు తెలీవు. అంకానికీ అంకానికీ మధ్య తెర ముందుకొచ్చి పాడతాం. పైకి చెప్పే చరణాల్లో ఎవరి పేరూ ఉండదు. పాడేసి పక్క తెర వెనక్కి వెళ్ళిపోతాం. జనం ‘వన్స్ మోర్’ అంటే బాండు మళ్ళీ ఎత్తుగడ ఊదుతుంది, మేం మళ్ళీ వచ్చి దాచుకున్న చరణం వదుల్తాం. పేరు పెట్టి తిట్టేది ఆ ఆఖరి చరణంలోనే. అందుకే ఎత్తుగడ వినపడగానే బయటికి రావాలి. రానివాడు పాటగాడు కాడు.

ఆవేళ మధ్యాహ్నం మూడున్నర ఆట. ముందు వరసలో మంత్రి. నేను వచ్చి గొంతు విప్పాను. మొదటి చరణానికి బాల్కనీ ఊగింది. రెండో చరణానికి మంత్రి కూర్చున్న కుర్చీ కాలు విరిగింది. ‘వన్స్ మోర్’! ఏడుసార్లు. కాదు, ఏడు బాల్కనీ వాళ్ళవి, కింద వాళ్ళవి పదిహేడు. హాలు బయట శవాన్ని మోసుకుపోతున్నవాళ్ళు పెట్టె దించి నిలబడ్డారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెట్టెలోంచి టకటకమని చప్పుడు!

“చచ్చినోడు కూడా వన్స్ మోర్ అన్నాడా తాతా?”

అనలేదు, కొట్టాడు. మర్యాదస్తుడు. చర్చిలో పాదిరి జపమాల ఆపి కిటికీలోంచి కేకేశాడు. నదిలో పంటు నడిమధ్య ఆగింది, చేపలు తల పైకెత్తి విన్నాయి, ఆ వారమంతా బంగడాలు చేత్తో ఏరుకున్నారు జనం. ముప్ఫై ఒక్క వన్స్ మోర్లు, రాయి, ముప్ఫై ఒకటి! ఆఖరి చరణానికి నలభై ఊళ్ళలో మంత్రి పాతిన రాళ్ళన్నీ ఒకేసారి ఫెళ్ళుమని రెండుగా పగిలాయి. కావాలంటే వెళ్ళి చూసుకో, రేవు దగ్గర రాయికి ఇప్పటికీ బీట ఉంది.

“ఆ బీట మా మేనమామ లారీ గుద్దితే పడ్డది” అన్నాడు రుమాల్దు.

నువ్వు రొట్టెలమ్ముకో.

“అయితే ఆ ఆఖరి చరణం పాడండి అంకుల్, రాసుకుంటాను. పండగ పుస్తకంలో వేయాలి. ఆదివారం స్టేజీ మీద మీరు పాడాలి కూడా” అంది జోవిటా.

పాడతాను. ఎందుకు పాడను? ఈ వానకి గొంతు పట్టేసింది గానీ. రేపు రా. సెవ్రిన్, కాస్త టీ పెట్టు. ఏం చూస్తున్నావు రుమాల్దూ, పాట అంటే నీ రొట్టె అనుకున్నావా, అడగ్గానే బుట్టలోంచి తీసివ్వడానికి?

“మూడు.”

ఎవరన్నారది? ఇనాసూ, నువ్వేనా? నువ్వు మాట్లాడతావా?

“ముప్ఫై ఒకటి కాదు, మూడు. ఎత్తుగడ మూడుసార్లు ఊదాను. పక్క తెర వైపే చూస్తూ ఊదాను. నువ్వు రాలేదు బొనీ.”

నీకు వయసు మీద పడింది ఇనాసూ.

“నీకంటే ఏడాది చిన్నవాణ్ణి. మూడోసారి ఊది బాకా దించేశాను. అప్పుడు కాస్పర్ ఒక్కడూ వచ్చాడు. నీ గొంతూ తనే, తన గొంతూ తనే, రెండు వైపులా తిరిగి తిరిగి పాడాడు. క్యాసెట్లు పన్నెండూ కాదు, ఎనిమిదీ కాదు. మూడు. మూడింటికీ నేనే ఊదాను, మూడింట్లోనూ కాస్పర్ పాత పాటలే. నాలుగోది ఎందుకు రాలేదో ఈ పిల్లకి చెప్పు.”

ఏమ్మా, ఎందుకు ఆపావు రాయడం? రాయి. రాయకు. నీ ఇష్టం.

ఆవేళ ఆటకి ముందు మంత్రి మనిషి తెర వెనక్కి వచ్చాడు. వాణ్ణి నేను మర్చిపోను, ఎడమ చేతికి రెండు ఉంగరాలు. ‘బొనిఫాస్, మీ ఇంటి అరుగు రోడ్డు మీదికి నాలుగడుగులు వచ్చిందట కదా, కొట్టించమంటావా?’ అన్నాడు. అంతే అన్నాడు. మా నాన్న చేత్తో కట్టిన అరుగు. ఇదే. నువ్వు కూర్చున్నదే. ఎత్తుగడ వినపడింది ఇనాసూ, మూడుసార్లూ వినపడింది. నా కాళ్ళు కదల్లేదు.

కాస్పర్ నన్ను చూశాడు. తెర తోసుకుని స్టేజీ మీదికి వెళ్ళాడు. వాడు నోరు తెరవగానే నేను రెండు చెవులూ మూసుకున్నాను. మూసుకున్నా నవ్వు వినపడింది, హాలంతా ఒక్కసారిగా. నన్ను చూసి నవ్వుతున్నారనుకున్నాను. తెర వెనక నక్కినవాణ్ణి చరణంలో పెట్టాడు, నా పరువు తీశాడు అనుకున్నాను. ఆ తర్వాత వాణ్ణి ఠాణాకి పిలిచారు, పంటు పని పోయింది, నాటకాల వాళ్ళెవరూ వాణ్ణి పిలవలేదు, నన్ను పిలిచారు. వాడు ఓడెక్కి గిన్నెలు కడుక్కున్నాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా ఆ మెట్టు దాకా వచ్చేవాడు. నేను కుర్చీ అటు తిప్పేసేవాణ్ణి. పందొమ్మిదిసార్లు వచ్చాడు. ఇది మాత్రం కోత కాదు, లెక్కపెట్టుకున్నాను. పోయిన ఉపవాస కాలంలో పోయాడు. మట్టివేయడానికి కూడా వెళ్ళలేదు నేను.

ఆ చరణం నాకు రాదమ్మా. వాడు ఆ నిమిషంలో కట్టినది. హాల్లో ఉన్న వాళ్ళందరూ విన్నారు, నేనొక్కణ్ణే వినలేదు. ఎవర్నీ అడగలేదు కూడా. అడిగితే నన్ను తిట్టిన తిట్టు నా చెవులతో నేనే వినాలి కదా.

“నిన్ను తిట్టాడని నీకెవరు చెప్పారు?” అన్నాడు ఇనాస్.

నవ్వారు కదా.

“నవ్వింది మంత్రిని చూసి. రాసుకో పిల్లా, నాకు గుర్తుంది:

ఊరూరా రాళ్ళేసిన జెరొనిమ్ దొరా,
ఓటు పెట్టెలో మా రాయి పడుతుంది, చూసుకోరా!
నా జతగాడికి గొంతు పట్టింది, తిట్టకండి బాబూ,
వాడి వంతూ నేనే పాడతా, వినండి బాబూ!
నవ్వొస్తే వాణ్ణి తలుచుకోండి ఇళ్ళలో,
కేసొస్తే నా పేరు రాయండి ఠాణాలో!”

సెవ్రిన్, ఆ టీ తర్వాత.

ఇంకోసారి చెప్పు. ఆఖరి రెండూ.

“నవ్వొస్తే వాణ్ణి తలుచుకోండి ఇళ్ళలో. కేసొస్తే నా పేరు రాయండి ఠాణాలో.”

ముప్ఫై ఏళ్ళు ఎందుకు చెప్పలేదురా నాకు?

“అన్నీ తెలిసినవాడికి ఎవడు చెబుతాడు? ఈ అరుగు మీద ఎవరికైనా మాట సందిచ్చావా నువ్వు?”

రుమాల్దూ, ఎప్పుడూ కూసేవాడివి, ఇప్పుడేం నేల చూస్తావు? ఏదో ఒకటి అను.

“తాతా, రొట్టె తీసుకో, ఇంకా వేడిగానే ఉంది.”

అక్కడ పెట్టు.

జోవిటా, కలం తియ్యి. శాలువా కాస్పర్‌ది. వాడి చెల్లెలు పంటు రేవు దగ్గర ఎండుచేపలమ్ముతుంది, ఆమెకి కప్పండి. పాడినవాడు కాస్పర్ అని రాయి, కట్టినవాడు కాస్పర్ అని రాయి. బొనిఫాస్ పక్క తెర వెనక నిలబడ్డాడు అని కూడా రాయి. చిన్నక్షరాల్లో వేస్తావో, పెద్దక్షరాల్లో వేస్తావో నీ ఇష్టం, ఎలా వేసినా నేను చదవలేను. ఊరు చదువుతుంది.

వెళ్ళిపోకు, ఇంకా పని ఉంది. ఆదివారం ఆ చరణం ఎవరో ఒకరు పాడాలన్నావు కదా. నాకు కాగితం చూపించకు, మాట మాటా చెవిలో చెప్పు. వాడు అలాగే చెప్పేవాడు. ఇనాసూ, నీ బాకా ఇంట్లో ఉందా, అమ్ముకున్నావా? ఉంటే తీసుకురా. లేకపోతే నోటితోనే ఊదు.

ఎత్తుగడ నుంచి. నాలుగోసారి.