మరచెంబు మూత

అలగ అనకండి వదినగారూ. యలమంచిలి బస్సు దిగి ఇంకా మంచినీళ్ళైనా తాగలేదు మీరు, అప్పుడే కూతుర్ని పట్టుకుని "పాలు మాన్పించీసి పిల్లని ఇలగ సేసుకున్నావు" అనీసారు. దాన్ని సూసారా? పిల్ల మీద దుప్పటి సరిచేసి, మందుల సీటీ తీసుకుని ఎల్లిపోయింది. ఎనిమిదో నెల కడుపేసుకుని ఈ ఎండలో.

కూకోండి. అది మెడికల్ షాపు నుంచి వచ్చీలోగా మీకో మాట సెప్పాలి నాను. షైని పడుకుందిలెండి, లేవదు. ఈ మధ్య ఎంతసేపైనా అలగే పడుకుంటంది.

సారా తప్పేటుంది సెప్పండి. జనవరిలో దానికి నాతవరం బడిలో ఉద్యోగమొచ్చింది. పొద్దున్న ఆటో ఎక్కితే సాయంత్రం దిగడం. ఆ నెలలోనే మళ్ళీ నెల తప్పింది. షైనికి ఏడాదిన్నర. పగలంతా అన్నం, పప్పు, అరటిపండు అన్నీ తింటాది గాని, పడుకునే ముందు మాత్రం తల్లి రొమ్ము నోట్లో ఉండాలి. లేకపోతే కన్ను మూయదు. నర్సమ్మే సెప్పింది, రెండో కాన్పు వస్తంది, నెమ్మదిగా మాన్పించుకో అని.

వేపాకు నూరి రాసీ, ఒక్కరోజులో మానీస్తాది అన్నాను నాను. మా అత్త నాకు సెప్పిందదే. సారా ఒప్పుకోలేదు. "వద్దత్తయ్యా, నేనంటే చేదు పుట్టించి మాన్పించడమెందుకు? దానికి నచ్చిన గ్లాసొకటి దొరికితే అదే మానేస్తుంది" అంది. ఎంత ఓపికండీ మీ అమ్మాయికి.

ముందు ప్లాస్టిక్ గ్లాసు తెచ్చింది. మూతకి ముక్కులాగ ఉంటాది సూడండి, అలాంటిది. షైని ఆ ముక్కు కొరికీసి గ్లాసు విసిరి కొట్టింది. తరవాత స్టీలు గ్లాసు. పెదవికి సల్లగా తగిలిందో లేదో, మొహం తిప్పీసుకునేది. మావాడు దయాకర్ ఏటికొప్పాక ఎల్లినప్పుడు లక్క పూసిన సెక్క గ్లాసొకటి తెచ్చాడు, బొమ్మల వంటసామాన్లోది. దాంతో ఇల్లంతా తిరిగి ఆడుకుంది గాని పాలు పోస్తే ఒలకబోసింది. పదిరోజులు ఇదే. దీపాలు పెట్టేవేళకి పిల్ల ఏడుపు. ఇటు సారా, జాకెట్టు తడిసిపోయి, గోడకి తిరిగి కూకునేది.

అప్పుడు నాను పెట్టె తీసాను.

మా అమ్మ నాకిచ్చిన మరచెంబుంది అందులో. అరసెయ్యంత ఇత్తడి చెంబు, దానికి మర మూత. మూత విప్పి తిరగేస్తే సిన్న గ్లాసవుతాది. మీకు తెలీనిదేటి, అప్పట్లో ప్రయాణాల్లో పిల్లల పాలకి అందరికీ అదే కదా. పెట్టెలో పడుండి నల్లబడిపోయింది. సింతపండు పెట్టి, బూడిదేసి, గంటసేపు తోమాను. పైనే కాదు, లోపలా తోమాను. లోపల తెల్లగా, మచ్చలు మచ్చలుగా ఏదో అంటుకునుంటే దాన్నీ ఒగ్గలేదు. పచ్చగా మెరిసీదాకా తోమాను.

అది కళాయి, వదినగారూ. మిగిలిన కాస్త తగరం పూత. నాకు తెలీదని సెప్పను. కళాయి లేకపోతే సింతపులుసు సిలుమెక్కుతాదని తెలుసు, మజ్జిగ పొయ్యకూడదని తెలుసు. పాలే కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం మూతలో గోరువెచ్చని పాలు పోసిచ్చాను. షైని రెండు సేతుల్తో పట్టుకుంది. మెరుస్తంది కదా, అందులోకి తొంగిసూసి నవ్వింది. గటగటా తాగీసి, ఇంకా కావాలని మూత నాకేసి సాపింది. సారా నా సెయ్యి పట్టుకుని "మీరు లేకపోతే నావల్ల అయ్యేది కాదత్తయ్యా" అంది. ఆ మాట ఎంత తీపిగా ఉందో మీకెలాగ సెప్పను. కోడలొచ్చిన మూడేళ్ళలో నాకా మాట ఎవరన్నారు గనక.

నాలుగు రోజుల్లో రొమ్ము అడగడం మానీసింది. ఇంక పగలూ ఆ మూతే కావాలి. పొద్దున్న కాచిన పాలు మరచెంబులో పోసి, మూత బిగించీసి, అడిగినప్పుడల్లా అందులోంచే పట్టీదాన్ని. సాయంత్రానికి పాలు అదోరకం వాసనొచ్చేవి. ఇత్తడి వాసనలే అనుకున్నాను.

అలగ ఐదు నెలలు.

జూలైలో మొదలైంది. అన్నం వద్దంటాది, ఊరికే ఏడుస్తాది. కాళ్ళూ సేతులూ సన్నబడిపోయి పొట్ట మాత్రం ముందుకొచ్చింది. నులిపురుగులన్నాను. అందరూ అదే అన్నారు. ఒకరోజు నీళ్ళు పోస్తూ పొట్టకి సబ్బు రాస్తన్నాను. కుడిపక్క డొక్క కింద వేళ్ళకి గట్టిగా తగిలింది. సెక్కపలక అంచులాగ, అంచు తెలుస్తంది. నా సెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ గట్టితనం నా సేతికి తెలుసు.

మీకు తెలీదు. సారాకీ తెలీదు. దయాకర్‌కి కూడా, తనకో అన్న ఉండేవాడని తెలుసు గాని అంతకుమించి ఎప్పుడూ సెప్పలేదు. సాల్మన్‌రాజు. నా మొదటి బిడ్డ. మా ఆయన అప్పుడు కొండమీద మిషన్ బడిలో మాస్టారుగా పనిచేసేవారు. నాకు పాలు సాలక ఆవుపాలు పట్టీదాన్ని. ఇదే మరచెంబు, ఇదే మూత. వాడికి రెండేళ్ళు నిండలేదు, పొట్ట డప్పులాగ అయిపోయింది, కళ్ళు పసుపు. ఒకరు కామెర్లన్నారు. ఒకరు లివరన్నారు. ఆకుపసరు పోసారు. పోయాక పాస్టరుగారు దేవుడి సిత్తమన్నారు. ఆ మాట పట్టుకునే ఇరవయ్యెనిమిదేళ్ళు బతికాను.

మరి దయాకర్‌కేటీ అవలేదేటి అంటారు. నానూ అదే అనుకున్నాను, వాడికీ అందులోనే పట్టాను కదా అని. వాడు పుట్టేసరికి మేం నర్సీపట్నం వచ్చీసాం. కళాయేసే సూరన్న నాలుగు నెలలకోసారి మా వీధిలో కొలిమి పెట్టీవాడు. ఇంట్లో ఇత్తడంతా వాడి ముందు పెట్టీదాన్ని. కొండమీదకి ఎవడొస్తాడు? ఇప్పుడేమో ఇంటింటా స్టీలు. సూరన్నా లేడు, కొలిమీ లేదు.

విశాఖపట్నం తీసుకెళ్ళాం. డాక్టరు కుర్రాడే. పిల్ల పొట్ట మీద సెయ్యేసి సాలాసేపు నొక్కి సూసాడు. సారా రక్తం సీసా పట్టుకుని కిందికి ఎల్లింది. దయాకర్‌కి సెలవు దొరకలేదు. గదిలో నానూ, పిల్లా. అడిగాడు: "అమ్మా, పాపకి పాలు ఎందులో కాస్తారు, ఎందులో పడతారు? ఇత్తడి గానీ రాగి గానీ వాడతారా?"

ఎందుకు బాబూ అన్నాను.

"కళాయి లేని ఇత్తడిలో పాలు నిలవుంటే అందులోని రాగి పాలల్లోకి దిగుతుందమ్మా. ఈ వయసు పిల్లల లివర్ తట్టుకోలేదు. వాడి ఉంటే చెప్పండి, దానికి వేరే మందుంది. త్వరగా మొదలుపెట్టాలి."

ఎంత మెల్లగా అడిగాడనుకున్నారు. గదమాయించి ఉంటే సెప్పీదాన్నేమో.

"స్టీలేనండి" అన్నాను.

రాసుకున్నాడు.

అలగ సూడకండి వదినగారూ. ఇంకా ఉంది, మొత్తం వినండి, తరవాత ఏమన్నా పడతాను.

ఇంటికొచ్చి మరచెంబు తీసి బియ్యం డబ్బాలో అడుక్కి తోసీసాను. సారా అడిగితే, మర అరిగిపోయింది, పాతసామాన్లోడికి ఇచ్చీసానన్నాను. ఇంక ఇత్తడి లేదు కదా, అదే తగ్గుతాదిలే అనుకున్నాను. రోజూ పిల్ల డొక్క తడిమి సూసీదాన్ని. ఆ అంచు అలగే ఉంది. రెండో వారంలో కళ్ళు పచ్చబడ్డాయి. మళ్ళీ తీసుకెళ్ళి ఆసుపత్రిలో సేర్చాం. ఆ డాక్టరు రోజూ వచ్చేవాడు, నా మొహం సూసి నమస్కారం పెట్టీవాడు. నాను తల దించుకునీదాన్ని. పెద్దావిడ బెంగపెట్టుకుంది అనుకునుంటాడు.

సోమవారం నాడు సారా ఆ మంచం మీద కూకుని, జాకెట్టు విప్పి, షైనిని రొమ్ముకి పెట్టుకుంది. పాలు ఎండిపోయి ఎన్నాళ్ళయింది. "తాగమ్మా, మళ్ళీ ఇస్తాను, ఇంకెప్పుడూ మాన్పించను" అంటంది. పిల్ల నోరు పెట్టింది, ఏటీ రాలేదు, తల పక్కకి వాల్చీసింది. ఏడవడానికి ఓపిక లేదు దానికి. డాక్టరొస్తే మీ అమ్మాయి అంది: "నేనే చేసానండి. నాకు కష్టంగా ఉందని పాలు మాన్పించాను." ఆయన కాదమ్మా, అందుకు కాదు అంటన్నాడు, అది వినదు.

అతని ఎనకాలే నడవలోకి ఎల్లాను. సెప్పీసాను. చెంబు, తోమడం, సాల్మన్‌రాజు, స్టీలని అబద్ధమాడింది, అన్నీ.

తిట్టలేదు. ఎప్పట్నుంచి ఎప్పటిదాకా పట్టారని అడిగాడు, రాసుకున్నాడు. "మూడు వారాలు పోయాయమ్మా" అన్నాడు. ఆ పూటే కొత్త మాత్రలు మొదలెట్టారు. నెలల తరబడి వెయ్యాలట. వారం వారం తీసుకురమ్మని నిన్న ఇంటికి పంపారు. సారా తెస్తన్నదవే. బతుకుతాదా బాబూ అని అడిగాను. ఇప్పుడేమీ సెప్పలేనన్నాడు. ఆ గట్టిపడింది మళ్ళీ మెత్తబడదట. మిగిలిందాన్ని కాపాడాలట. "మీ కోడలికి మీరే చెప్పండి, ఆవిడ తన తప్పనుకుంటోంది" అని మాత్రం అన్నాడు.

సెప్పలేదు. నాలుగు రోజులైంది. ఇందాక మీరు దాన్ని అన్నారు సూడండి, అప్పుడు కూడా తలుపు దగ్గర నిలబడి విన్నాను, సెప్పలేదు.

కోడలికి భయపడి దాచాననుకుంటన్నారు మీరు. కాదు. మాటలు పడ్డం నాకు కొత్త కాదు. ఆ రోజు ఆ డాక్టరు రాగి అనగానే నాకు షైని గుర్తు రాలేదు వదినగారూ. వాడు గుర్తొచ్చాడు. చివరిరోజు వాడు నోరు తెరవకపోతే, బలవంతంగా మూతి నొక్కి పట్టి తాగించాను. తాగితే బతుకుతాడని. అవును, ఇత్తడేనండి అంటే, వాణ్ణి నానే సంపుకున్నట్టు కదా. దేవుడు తీసుకున్నాడన్న మాట పోతాది కదా. అది పోతే నాకేటుంది? అందుకని స్టీలన్నాను. సచ్చిపోయినోడి కోసం బతికున్న పిల్లకి మూడు వారాలు మందు పడకుండా సేసాను.

పుట్టబోయే బిడ్డని సారా నా సేతికి ఇవ్వదు. ఇవ్వకూడదు కూడా. మీరు ఇక్కడే ఉండిపొండి, కాన్పుకి మీరే సూసుకోండి. నాను ఎక్కడుండాలో దయాకర్ సెప్తాడు.

అదిగో, వస్తంది. మీరేటీ అనకండి. ముందు దాన్ని కూకోబెట్టండి, మంచినీళ్ళివ్వండి. నానే సెప్తాను.