ఎదురెక్కే చేపలు

వైప్పారు ఏటి మీది ఆనకట్ట కింద, మోకాటి లోతు నీళ్ళలో పాపమ్మాళ్, ఆమె తమ్ముడి కూతురూ కోడలూ అయిన పొన్నుతాయి. కోడలికి ఎనిమిదో నెల. కొత్త నీటికి ఎదురెక్కి వచ్చిన చేపలు రాతిగోడకు కొట్టుకుని పడుతున్నాయి.

“కడవ ఎత్తొద్దని చెప్పినా కదా! పట్టి నా చేతికియ్యి, చాలు.”

“ఇదో, అత్తా. కడుపు చూడు, ఎంత ఉండాదో.”

“అంతా గుడ్లే. ఎగిరెగిరి మూతి చితక్కొట్టుకునిండాది, పాపం.”

“కట్ట పైకి మోసి ఆ పక్కనే వదిలేస్తే మళ్ళా కిందికి కొట్టుకొస్తాది, అత్తా.”

“తెలుసులే. ఆ తుమ్మచెట్టు దాటి, తల ఎదురుకు పెట్టి వదలతా. కట్ట కట్టినప్పటినుంచి చేస్తాండా. మొన్న తై నెలలో పెండ్లయి వచ్చినదానివి, నువ్వు నాకు నేర్పాల్నా?”

“మామకు తెలుసునా?”

“కట్టించినది ఆయనే కదా. ‘రాయి పెట్టేది నేను, చాప మోసేది నా పెండ్లామా’ అని నవ్వుతాడు.”

“మామ నవ్వుతాడా?”

“యాల, నవ్వకూడదా? ఇంకొకటి పట్టు.”

“ఇవి మన పుట్టినూరి చెరువుకే కదా పోయేది?”

“ఇంక యాడికి పోతాయి? నా చిన్నప్పుడు అలుగు కాడ నిలబడితే కాళ్ళ మీదికి ఎక్కేవి. మీ నాయన భయపడి నా చంకెక్కేసేవాడు.”

“నాయనా? భయపడినాడా?”

“అప్పాసామికి మీసం ఇప్పుడు కదా వచ్చింది! అప్పుడు ముక్కు చీదేది కూడా నేనే.”

“ఇంకా చెప్పు, అత్తా.”

“ఏమి చెప్పేది... ముప్పై ఏండ్లు ఆ ఇంట్లో మన ఊరి మాట ఎత్తేదానికి ఒక మనిషి లేదు. నువ్వు వచ్చినాకే నా నోరు తెరుచుకునింది... పట్టు, పట్టు, జారిపోతాండాది!”

“పట్టినా. అత్తా, సీమంతం గాజులు తొడిగి నెలయ్యింది.”

“ఊఁ.”

“నన్ను పుట్టింటికి పిలుచుకపోను అన్న బండి కట్టుకొని వచ్చి వట్టి బండి తోలుకొని పోయినాడు. ఆ పొద్దు మామ ఇంట్లో కూడా లేడు. పంపొద్దని నీతో చెప్పి పోయినాడంటివే.”

“మొగోళ్ళ తగవు. మనకెందుకు?”

“చెరువుకు చాపలు రాలేదని నాయన ఈడికొచ్చి మామ మీద అరిచినాడు, సరే. దానికి నేనేమి చేసినా? తొలికాన్పు, అత్తా. అమ్మ కాడికి పోవాల.”

“నన్నెవురు పంపినారు? నీ మొగుణ్ణి ఆ ఇంటి వసారాలోనే కన్నా. చచ్చిపోయినానా?”

“ఏడవలేదా నువ్వు?”

“నీళ్ళు చల్లగా ఉండాయి. గట్టెక్కు, పోదాం.”

“ఏడ్చినావా లేదా?”

“... ఎక్కు, బిడ్డా. జలుబు చేస్తాది.”

“నీ కొడుకన్నా ఈడ ఉంటే అడిగేదాన్ని. పత్తి పత్తి అని విరుదునగరంలోనే కూచునుండాడు. అదో, గట్టు మీద మామ! ఈ పొద్దు నేనే అడుగుతా.”

“మామతో నేరుగా మాట్లాడతావా? సిగ్గు లేదా?”

“కాళ్ళు పట్టుకుంటా. బండి తిప్పి పంపినావే, ఏమి పాపం చేసినా అని అడుగుతా. మామా! ఓ మామా!”

“పిలవొద్దు, పొన్నూ.”

“ఆయనకు వినబడింది. ఈడికే వస్తాండాడు. చెయ్యి వదులు, అత్తా!”

“వదల్ను. ఆయన్ను అడగొద్దు. ఆయన ఏమీ చెప్పలేదు.”

“ఏమి చెప్పలేదు?”

“పంపొద్దని చెప్పలేదు. మామ వద్దన్నాడని మీ అన్నతో చెప్పింది నేను. పుట్టింటికి పోనని నువ్వే ఏడ్చినావని ఆయనతో చెప్పిందీ నేనే.”