ఆరోగ్య ఖాతాను ఖర్చు పెట్టించిన లీలగారు

2003 ఫిబ్రవరి 15వ తేదీన సౌదీ అరేబియాలో జిజాన్‌లోని మా ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరిన శ్రీమతి లీలగారు, ఇరవై సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, నరసాపురంలోని కుమార్తె జెస్సీ చెంతకు మరలిపోతున్న ఈ శుభసందర్భాన వారిని అభినందించే భాగ్యం ఏసీ మరమ్మతుల సూపర్‌వైజరునైన నాకు దక్కింది. నాకంటే చక్కగా రాయగలవారు ఉన్నారు. నా అంత రుణపడినవారు మాత్రం లేరు.

ఉద్యోగాలు ముందు సౌదీవాళ్లకే అనే నితాఖత్ చట్టం వచ్చి తోటివారు ఒక్కొక్కరే ఎగ్జిట్ వీసా మీద ఇళ్లకు వెళ్లిపోతున్న రోజుల్లో లీలగారు హెడ్ నర్సుగా పదోన్నతి పొంది, ముగ్గురి పనిని తామొక్కరే చిరునవ్వుతో నిర్వహించారు. చిరునవ్వు అన్నది మర్యాదకు రాశాను. తిట్లు కూడా ఉండేవి.

2018లో ఆసుపత్రి ఉద్యోగులకూ, మా కాంట్రాక్టు సిబ్బందికీ కొత్త ఆరోగ్య పథకం వచ్చింది. ఏటా కొంత సొమ్ము మన పేర ఆరోగ్య ఖాతాలో వేస్తారు. చిన్న వైద్యాలకు అందులోంచి వాడుకోవాలి, పెద్దవాటికి బీమా ఉంటుంది. అప్పటికి వెంట ఉంచుకున్న కుటుంబాల మీద తలకింతని లెవీ పన్ను మొదలై నా భార్య ముత్యవ్వనూ, బిడ్డనూ ఇక్కడ ఉంచుకోవడం గగనమైంది. కాగితం చదవకుండానే ఆ ఖాతాను చిట్టీ అనుకున్నాను. ఏడాది చివర మిగిలింది చేతికిస్తారనీ, దానితో లెవీ కట్టవచ్చనీ నా లెక్క. నాలుగు రోజులు గుండెలో పట్టేసినా పైకి చెప్పలేదు.

అయిదో రోజు మెట్ల మీద చెమటలు కక్కుతూ కూలబడ్డాను. లీలగారు చూశారు.

"ఏంటండీ సదానందం గారూ, గుండె మీద ఆ చెయ్యేంటి?"

"ఏం లేదు సిస్టర్, గ్యాస్ పట్టింది. డాక్టర్ కాడికి పోతె ఖాతల పైసలు ఒడుస్తయి. లెవీకని దాస్తున్న."

"అది చేతికిచ్చే డబ్బు కాదండీ బాబూ! మిగిల్తే వచ్చే ఏడు వైద్యానికే కలుపుతారు. అయినా ముందు మనిషంటూ ఉంటే గదా లెవీ కట్టేది! లేవకండి, స్ట్రెచర్ తెప్పిస్తాను."

ఆ పూటే స్టెంట్ వేశారు. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాణ్ణి కానని డాక్టరు చెప్పారు. నాటినుంచి లీలగారు వారానికొకసారి భోజనశాలలో నిలబడి, మనవాళ్లకు తెలుగులోనూ, తెలుగు రాని మహబూబ్ వంటి తోటి సిబ్బందికి హిందీలోనూ ఆ పథకాన్ని విప్పి చెప్పేవారు. ఆ ఖాతాను చిట్టీ అనుకున్న నాలాంటి తెలివైనవారు మరి పదకొండుమంది బయటపడ్డారు.

లెవీ మాత్రం కరుణించలేదు. మరుసటి ఏడు ముత్యవ్వనూ బిడ్డనూ జగిత్యాలకు పంపక తప్పలేదు. కానీ విమానాశ్రయంలో వారికి చెయ్యి ఊపడానికి నేను ఉన్నాను. అంతకంటే ఏం కావాలి!

ఇక ఒక నిజం. మూడేళ్లుగా మోకాళ్ల నొప్పితో కుంటుతున్న లీలగారు తమ ఖాతాలోంచి ఒక్క రియాలు ముట్టుకోలేదని నిన్ననే తెలిసింది. అడిగితే, "ఊరెళ్లాక చూసుకుంటాన్లెండి" అన్నారు. అమ్మా, ఆదివారం తొమ్మిదింటికి ఎముకల డాక్టరు దగ్గర మీ పేరు రాయించాం. ఈసారి తిట్టే వంతు మాది. మీరు నొప్పి ఎరుగని నడకతో, మనవల చేతులు పట్టుకొని, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. ఆ నడక ఆదివారమే మొదలవ్వాలి.