దేవుని గూట్లో రాయి

బాన్సువాడ బస్టాండులో ఆశన్న, భార్య ప్రేమల హైదరాబాద్ బస్సు కోసం కూర్చున్నారు. ఆశన్న ఒళ్లో దవాఖాన కవరు ఉంది. ఇంటి దగ్గరే చెప్పాలనుకున్న మాట అతను ఇంకా చెప్పలేదు.

“కిడ్నీల రాయి తీసి మూడు నెలలాయె. నాట్లేసే యాల్ల మల్ల హైదరాబాదెందుకు? అండ్ల నేనెందుకయ్యా?”

“రాయి కాదే ప్రేమలా.”

“మరేంది?”

“క్యాన్సరు.”

“అయ్యో! ఏడ?”

“కిందికి.”

“కాళ్లకా?”

“గంత కిందికి కాదు. మగోళ్లకే వచ్చేది. లక్షమందిల ఒక్కనికి వస్తదట. వార్డు మెంబరుగ నిలబడితే పదకొండు ఓట్లచ్చినోన్ని, గీండ్ల మాత్రం లక్షల ఫస్టు.”

“నవ్వులాటనా? నాకెందుకు చెప్పలే?”

“సిగ్గైంది. మన దవాఖాన్ల లేడీ డాక్టరు ఉండె. ఏడాది బర్రె పొదుగుకు పూసే మలామే పూసుకున్న. బర్రెకు తగ్గింది, నాకు తగ్గలే. ఆఖరికి హైదరాబాదుల సగం కోసిండ్రు.”

“తోడొస్తనంటే వద్దన్నది గందుకేనా? రోజు రెండు గిలాసల ఉలువకట్టు తాగిస్తి గదయ్యా, రాయి కరుగుతదని!”

“కడుపుబ్బి సచ్చిన గని, తాగిన.”

“మరి ఆపరేషన్ల తీసిండ్రని కాయితంల సుట్టి తెచ్చిన రాయి?”

“నిజాంసాగర్ కాలువ కట్ట మీద ఏరిన.”

“దేవుని గూట్ల పెట్టిన గదా! రోజు పసుపు, బొట్టు...”

“చూసిన. నువ్వు దండం పెడుతుంటే గా కాలువలనే దుంకుదామనిపించింది.”

“ఇన్నొద్దులు దాచి, ఇయ్యాల బస్టాండుల చెప్తున్నవా?”

“చెప్పక తప్పలే. కోసిన గడ్డల ముక్కను పెద్ద ల్యాబుకు పంపి దాని జీన్లన్ని చదివిండ్రు, ఏ మందు పనిచేస్తదో చూసెతందుకు. ఇరవై పేజీల రిపోర్టు. నా పెండ్లి జాతకం అరపేజీనే ఉండె.”

“ఏమున్నది అండ్ల?”

“గడ్డల ఒక వైరసు జీన్లు దొరికినయ్. గది ఆలుమగల నడుమ అంటుతదట. ఆడోళ్లకైతే గర్భసంచి మూతికి క్యాన్సరు తెస్తదట. నిన్ను గూడ పరీక్షకు తోల్కరమ్మన్నడు డాక్టరు.”

“బస్సు ఇంక రాలే.”

“వస్తది. ఫికర్ చెయ్యకు, ఉత్త పరీక్షనే.”

“ఎనిమిదింటికని రాసిండ్రు బోర్డు మీద.”

“ప్రేమలా, తిట్టు. కొట్టు. గిట్ల బోర్డు చదవకు. నాకోసం మొక్కి మొక్కి అలిసిపోయినవ్, గా రాయిని తిరిగొచ్చినంక పారేస్త.”

“నీకోసం మొక్కలే.”

“మరి?”

“ముట్టాగి ఐదేండ్లాయె, మూడు నెలల సంది మల్ల నెత్తురు పోతుంది. నీకు చెప్పనీకె సిగ్గై, గా రాయికి చెప్పుకుంటున్న.”